సీటు మీద కూర్చుంటే పాదాలు నేలకు ఆనాలట!

మళ్ళీ అదే సందేశం. "సైకిలు కొనబోతున్నారా? షాపువాళ్ళు చెప్పని తొమ్మిది నిజాలు" అని మొదలై, "మీ ఆత్మీయులందరికీ పంపండి" అని ముగుస్తుంది. మొదట అపార్ట్‌మెంటు గ్రూపులో కనిపించింది. తర్వాత డిగ్రీ మిత్రుల గ్రూపులో. నేను రోజూ ఆఫీసుకు సైకిలు మీదే వెళ్తానని తెలిసి కూడా మా బావగారు నిన్న "నీకు పనికొస్తుంది, చదువు" అంటూ విడిగా పంపారు. రాసింది ఎవరో తెలియదు. పంపిన పాపం మాత్రం తిలాపాపం తలా పిడికెడు. చదవమన్నారు కాబట్టి చదివాను. ఇక నా వంతు.

మొదటి నిజం: "టైరు ఎంత సన్నగా ఉంటే సైకిలు అంత వేగం." వెడల్పు టైరు రోడ్డును ఎక్కువ మేర అంటుకుని బరువుగా నడుస్తుందని వివరణ కూడా ఇచ్చారు. టైరు నేలకు ఎంత మేర ఆనుతుందన్నది ప్రధానంగా అది మోసే బరువును, లోపలి గాలి ఒత్తిడిని బట్టి తేలుతుంది. ఒకే ఒత్తిడి దగ్గర రెండు టైర్లూ దాదాపు ఒకే మేర ఆనుతాయి. సన్నది పొడవుగా ఆనుతుంది, వెడల్పుది పొట్టిగా అడ్డంగా ఆనుతుంది. పొడవుగా ఆనిన టైరే ఎక్కువ నలుగుతుంది, నలిగిన మేరకు మన శ్రమ వేడిగా మారి వృథా అవుతుంది. దీనికి గతుకులు కలిపితే లెక్క ఇంకా తేలిక. గతుకు గతుకుకూ సైకిలునూ మనిషినీ ఎగరేయడానికి అయ్యే ఖర్చు కూడా మన కాళ్ళ నుంచే వెళ్ళాలి. ఈ సంగతి పందెపు జట్లకే అర్థమై, ఒకప్పుడు 23 మిల్లీమీటర్ల టైర్ల మీద పోయినవాళ్ళు ఇప్పుడు 28కీ, అంతకు పైకీ వెళ్ళారు. వాళ్ళు వదిలేసిన సలహాను కూరగాయలు తెచ్చుకునే సైకిలు కోసం మనం పట్టుకుని వేలాడాలి.

మన రోడ్ల మీద వేగం సంగతి అటుంచి, ముందు ప్రాణం సంగతి చూద్దాం. వాననీటి కాలువల మీద పరిచిన ఇనుప జాలీల్లో కొన్నిచోట్ల కడ్డీలు రోడ్డు పొడవునా ఉంటాయి. 25 మిల్లీమీటర్ల టైరు ఆ సందులో అమాంతం దిగిపోతుంది. చక్రం ఆగుతుంది, మనిషి ఆగడు. 40 మిల్లీమీటర్ల టైరైతే చాలా జాలీల మీదుగా గడగడమంటూ దాటేస్తుంది. మన తాతల నల్ల సైకిలు టైరు వెడల్పు కూడా సుమారు 40 మిల్లీమీటర్లే. ఇంకో చిక్కు ఉంది. పందెపు సైకిళ్ళ ట్యూబులకు సన్నటి వాల్వు వస్తుంది. దారిలో గాలి తగ్గితే రోడ్డు పక్క పంక్చర్ షాపులో పంపు దానికి పట్టదు. హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు పక్కన సౌర ఫలకాల పైకప్పు వేసిన 23 కిలోమీటర్ల దారి మీద సన్నటి టైరు హాయిగానే నడుస్తుంది, ఒప్పుకుంటాను. ఇంటి నుంచి అక్కడిదాకా సైకిలును కారులో తీసుకెళ్ళాలి, అంతే.

రెండో నిజం: "గాలి రాయిలా కొట్టించండి, ముల్లు దిగదు." ముల్లు ఇంకా సుఖంగా దిగుతుంది. మెత్తని టైరు కొంత ఒదుగుతుంది, బిగిసిన టైరుకు ఒదిగే దారి లేదు. పల్లేరు కాయ మీదుగా వెళ్ళి చూడండి, తెలుస్తుంది. టైరు పక్కన అచ్చువేసిన అంకె గరిష్ఠ పరిమితి. అంతదాకా కొట్టించి తీరాలన్న ఆజ్ఞ కాదు. మామూలు ఒడ్డు పొడుగు ఉన్న మనిషికి, 40 మిల్లీమీటర్ల టైరుకు 50 పీఎస్ఐ ఒత్తిడి అటూ ఇటూ చాలు. బరువు ఎక్కువగా పడేది వెనక చక్రం మీద కాబట్టి దానికి కొంచెం ఎక్కువ, ముందుదానికి కొంచెం తక్కువ. మరీ తగ్గిస్తే గుంతలో రిమ్ముకూ రోడ్డుకూ మధ్య ట్యూబు నలిగి, పక్కపక్కన రెండు చిల్లులు పడతాయి. పంక్చర్ల విషయంలో నిజంగా నేర్చుకోవలసింది పంక్చర్ వేసే మనిషి చేతిని చూసి. ట్యూబు అతికించి ఊరుకోడు. టైరు లోపలంతా వేళ్ళతో తడిమి, విరిగి ఇరుక్కున్న ముల్లు మొన ఎక్కడుందో పట్టి పీకేస్తాడు. అది పీకకపోతే ఎన్ని ప్యాచ్‌లు వేసినా సాయంత్రానికి టైరు మళ్ళీ నేలకు అతుక్కుంటుంది.

మూడో నిజం: "26 టైరు ఏదైనా 26 రిమ్ముకు పడుతుంది." ఇది రాసినవారు జన్మలో టైరు కొనలేదు. మామూలు సైకిళ్ళకు వచ్చే 26×1⅜ టైరు కూర్చునే రిమ్ము వ్యాసం 590 మిల్లీమీటర్లు. గేర్ల సైకిళ్ళకు వచ్చే 26×1.75 టైరుది 559. తేడా 31 మిల్లీమీటర్లు, పేరు మాత్రం రెండింటికీ 26. నల్ల సైకిలు 28×1½ టైరుకు 635. పరదేశపు సైకిళ్ళ మీద 28 అని ఉంటే సాధారణంగా 622. అదే 622ను 700సీ అనీ, 29 అనీ కూడా అమ్ముతారు. ఈ గందరగోళంలో పడకుండా టైరు పక్కన 37-590 లాంటి జంట అంకె వెతకండి. మొదటిది వెడల్పు, రెండోది రిమ్ము వ్యాసం. రెండో అంకె కలవకపోతే టైరు పడదు, ఎంత బలంగా తోసినా పడదు. కొనేముందు ఆ సైజు టైరు మీ ఊళ్ళో దొరుకుతుందా అని కూడా అడగండి.

నాలుగో నిజం: "ఫ్రేముల్లో కార్బన్ శ్రేష్ఠం, అల్యూమినియం మధ్యమం, ఇనుము అధమం. తేలికదనమే కొలత." శాస్త్రవచనంలా ఉంది. లెక్క వేద్దాం. మనిషి 70 కిలోలు, సైకిలు 15, సంచి 5, మొత్తం 90. అందులో ఫ్రేము దగ్గర 2 కిలోలు తగ్గించారనుకోండి. చదును రోడ్డు మీద గంటకు 15 కిలోమీటర్ల వేగంతో వెళ్ళేటప్పుడు ఆ రెండు కిలోల వల్ల ఆదా అయ్యే శ్రమ ఒక వాట్ కూడా ఉండదు. ఇక కార్బన్ గొట్టానికి క్యారియర్ క్లాంపు బిగిస్తే గొట్టం నలుగుతుంది. ఒకసారి గట్టి దెబ్బ తగిలితే లోపల ఏం చిట్లిందో పైకి కనిపించదు. అల్యూమినియం విరిగితే వీధి చివరి వెల్డింగ్ షాపు పనికిరాదు, అతికించాక కొలిమిలో పెట్టి మళ్ళీ బలం తెప్పించాలి. మామూలు ఇనుప ఫ్రేమును మాత్రం ఏ మండల కేంద్రంలోనైనా అతికించి ఇస్తారు.

అలాగని ఇనుమే సర్వస్వం అనను. విశాఖపట్నంలోనో కాకినాడలోనో సముద్రపు గాలికి ఇనుప ఫ్రేము లోపలి నుంచి తుప్పు తినేస్తుంది. అక్కడ అల్యూమినియమే తెలివైన పని. లిఫ్టు లేని మూడో అంతస్తుకు రోజూ సైకిలు మోసుకెళ్ళేవారికి ఆ రెండు కిలోలు మెట్టు మెట్టుకూ తెలుస్తాయి. వాళ్ళ విషయంలో సందేశానిదే గెలుపు.

కానీ ఫ్రేములో అసలు చూడవలసినవాటిని తొమ్మిది నిజాల్లో ఒక్కటీ ముట్టుకోలేదు. టైరును రేపు మార్చుకోవచ్చు, ఫ్రేములో ఖాళీని మార్చలేం. షాపులో వంగి, ముందు ఫోర్కుకూ టైరుకూ మధ్య, వెనక గొట్టాలకూ టైరుకూ మధ్య ఎంత సందుందో చూడండి. మడ్‌గార్డు పట్టాక కూడా చిటికెన వేలు దూరాలి. లేకపోతే రేపు వెడల్పు టైరు వేద్దామన్నా వీలుండదు, వానాకాలంలో బురద మడ్‌గార్డు కింద గడ్డకట్టి చక్రాన్నే పట్టేస్తుంది. వెనక ఇరుసు దగ్గర క్యారియర్ బిగించే మరల రంధ్రాలు ఉన్నాయా? వెనక గొట్టాలు మరీ పొట్టిగా ఉంటే క్యారియర్ సంచికి తొక్కిన ప్రతిసారీ మడమ తగులుతుంది. ఫ్రేము దేనితో చేశారన్నది వీటి తర్వాతి ప్రశ్న.

ఐదో నిజం: "షాకులు, గుబ్బల టైర్లు ఉన్న సైకిలే మన రోడ్లకు." చౌక సైకిలు ముందు షాకులంటే రెండు స్ప్రింగులు, రెండున్నర కిలోలు. తొక్కిన ప్రతిసారీ ఊగుతూ మన బలం కొంత మింగుతాయి. గుబ్బలు బురదలో పనికొస్తాయి, తారు రోడ్డు మీద గుయ్‌మని అరుస్తాయి. వెడల్పాటి నున్నని టైరే చాలామందికి సరిపోయే షాకు.

ఇక ఆరోది. మిగతా ఎనిమిదీ డబ్బు దండగ. ఇది ఆరోగ్యం దండగ. "సీటు మీద కూర్చున్నప్పుడు రెండు పాదాలూ పూర్తిగా నేలకు ఆనితేనే ఆ ఫ్రేము మీ సైజు."

టేపు తీసుకుని ఇంట్లో ఉన్న సైకిలు దగ్గరికి వెళ్ళండి. పెడళ్ళ ఇరుసు నేల నుంచి సుమారు 28 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది. పెడలును ఆ ఇరుసుకు కలిపే కడ్డీ, అంటే క్రాంకు, పొడవు 17. అంటే పెడలు పూర్తిగా కిందికి వచ్చినప్పుడు కూడా నేలకు 11 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. సీటు మీద కూర్చుని పాదాలు నేలకు ఆనించగలిగారంటే, తొక్కేటప్పుడు కాలు చాచవలసిన దానికన్నా జానెడులో సగం దాకా తక్కువ చాచుతున్నారన్నమాట. మోకాలు ఎప్పుడూ పూర్తిగా తెరుచుకోదు. పెడలు పైకి వచ్చినప్పుడు మోకాలు పొట్ట దగ్గరికి వస్తుంది. ఆ ముడుచుకున్న కాలితో నిమిషానికి అరవై డెబ్బై సార్లు బరువు తోస్తూ పోతే వారంలో తొడలు మండుతాయి, నెలలో మోకాలి చిప్ప ముందు నొప్పి మొదలవుతుంది. ఆ మనిషి సీటును అనుమానించడు. "వయసైపోయింది, సైకిలు మనకు పడదు" అని తీర్పు చెప్పుకుంటాడు. ఆ తర్వాత సైకిలు బాల్కనీలో తువ్వాళ్ళు ఆరేసుకోవడానికి పనికొస్తుంది. ఎన్ని బాల్కనీలు చూశానో! అన్నిటిలోనూ సీటు అట్టడుగుకు దించే ఉంటుంది.

నాకున్న అనుమానం ఏమిటంటే, ఈ సలహా రాసినవారు సగం విని వచ్చారు. పాదాలు నేలకు ఆనవలసిన మాట నిజమే, కూర్చున్నప్పుడు కాదు, నిలబడినప్పుడు. సీటు ముందు, పై కడ్డీకి అటొక కాలు ఇటొక కాలు వేసి నిలబడండి. రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆని, కడ్డీకీ మీకూ మధ్య రెండు మూడు వేళ్ళ సందు మిగిలితే ఎత్తు విషయంలో ఫ్రేము మీదే. సీటు ఎత్తుకు వేరే పరీక్ష. గోడ పట్టుకుని కూర్చుని, పెడలును కిందికి తెచ్చి దాని మీద మడమ పెట్టండి. మోకాలు నిటారుగా రావాలి. తొక్కేది ముందరి పాదంతో కాబట్టి అప్పుడు మోకాలికి కావలసిన కాస్త వంపు దానంతటదే వస్తుంది. అంత ఎత్తుకు లేపితే ఇంతకు మించి లేపకూడదని సీటు గొట్టం మీద వేసిన గీత బయటపడుతుందా? ఫ్రేము మీకు చిన్నది, ఇంకోటి చూపించమనండి. సిగ్నల్ దగ్గర ఆగాలంటే సీటు దిగి ముందుకు జరిగి ఒక కాలు ఆనించాలి. పాలవాళ్ళు, పేపర్లవాళ్ళు చేసేది అదే. వాళ్ళకు ఈ సందేశం అందలేదు కాబోలు.

ఇక్కడ ఒక మాట. కొత్తగా నేర్చుకునేవారికి, పడితే ఎముక విరుగుతుందని భయపడే పెద్దవయసువారికి సీటు దించి ఉంచడమే సరి. సందు చివర గుడిదాకా వెళ్ళి రావడానికి మోకాలి కోణాల పాఠం అక్కరలేదు. పెడళ్ళను ముందుకు జరిపి, కూర్చుంటే పాదాలు ఆనేలా, తొక్కితే కాలు చాచుకునేలా కట్టిన ఫ్రేములు కూడా కొన్ని దేశాల్లో అమ్ముతారు. అలాంటిది మీ షాపులో ఉంటే ఆరో నిజం నిజమే. లేదు కదా!

ఏడో నిజం: "పిల్లలకు ఒక సైజు పెద్దది కొనండి, ఎదుగుతారు." ఆరో నిజంలో పెద్దవాళ్ళకు పాదాలు ఆనాలన్నారు, ఏడో నిజంలో పిల్లవాడిని గాల్లో వేలాడదీశారు. మధ్యలో ఒక్క వాక్యం కూడా లేదు, మర్చిపోవడానికి. పెద్ద సైకిలు మీద పిల్లవాడికి కాలు అందకపోవడం ఒక్కటే ఇబ్బంది కాదు, చిన్న వేళ్ళకు బ్రేకు అందదు. కడ్డీ కింద నుంచి కాలు దూర్చి తొక్కి నేర్చుకున్నామని గర్వపడే తరం మనది. వీధిలో అప్పుడు ఇన్ని కార్లు లేవు.

ఎనిమిది: "టైర్లలో నైట్రోజన్ నింపించండి." మామూలు గాలిలో 78 శాతం అదే. తర్వాతిది.

తొమ్మిది: "పై కడ్డీ లేని వాలు ఫ్రేము ఆడవాళ్ళకే. బలం ఉండదు." కొంత నిజం లేకపోలేదు. పై కడ్డీ లేని ఫ్రేము బరువు మీద కొంచెం ఎక్కువ మెలిపడుతుంది. అందుకే వాటి గొట్టాలు లావుగా చేస్తారు, సైకిలు కొంచెం బరువెక్కుతుంది. నెదర్లాండ్స్‌లో పిల్లల్నీ సరుకుల్నీ వేసుకుని తిరిగే సైకిళ్ళలో ఈ రకం చాలా కనిపిస్తాయి. మన దగ్గర మాత్రం తుంటి నొప్పి ఉన్న మగవాడు కూడా మీసం కోసం కడ్డీ ఉన్నదే కొంటాడు. చీర, పంచె, లుంగీ ఏది కట్టుకున్నా కడ్డీ లేనిదే సుఖం. క్యారియర్ మీద 25 కిలోల బియ్యం బస్తా కట్టాక కాలు వెనక నుంచి తిప్పి ఎక్కడం ఎలాగో, ఈ తొమ్మిదో నిజం రాసినవారు ఒకసారి చేసి చూపించాలి.