ఎర్రర్ 0.8 శాతం, నీళ్ళు సున్నా

గుంటూరులో బోరు పాయింటు పెట్టేవాళ్ళకు మంచిరోజులొచ్చాయి. కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని పొలమంతా తిరగనక్కర్లేదు. స్పైరల్ బైండింగ్ రిపోర్టు చాలు. అట్ట మీద 'పార్టికల్ స్వార్మ్ గ్లోబల్ ఆప్టిమైజేషన్', లోపల రంగురంగుల పొరలు ఏడు, చివర తీర్పు: ఎర్రర్ 0.8 శాతం, నీళ్ళు 180 అడుగుల్లో. పాతాళం గురించి ఇంత ఖచ్చితంగా చెప్పినవాళ్ళు పురాణాల్లోనూ తక్కువే.

పద్ధతి గొప్పదే: పార్టికల్స్ అనే ఊహల గుంపును వదిలి కంప్యూటర్‌తో జవాబు వెతికించడం. 1995లో కెన్నెడీ, ఎబర్‌హార్ట్ అనే పరిశోధకులు చెప్పింది. ఒక్కో పార్టికల్ ఒక్కో ఊహ: నేల పొరల మందాలు, రెసిస్టివిటీలు (కరెంటును ఏ పొర ఎంత అడ్డుకుంటుందో). ఆ ఊహ నిజమైతే రావాల్సిన కర్వ్‌ని లెక్కకట్టి, పొలంలో నేలలోకి కరెంటు పంపి కొలిచిన కర్వ్‌తో పోలుస్తారు; రెంటి మధ్య తేడానే ఎర్రర్. ప్రతిదీ తనకు దొరికిన మంచి చోటు వైపూ, గుంపుకు దొరికిన మంచి చోటు వైపూ జరుగుతుంది.

మన నిపుణుడు 40 పార్టికల్స్‌ని వదిలాడు. వదిలే ముందు లోతుకు హద్దులు గీశాడు: 170 నుంచి 190 అడుగులు. పాపం అవి వంద విడతలు వెతికాయి, ఒకదాన్నొకటి సంప్రదించుకున్నాయి, చివరికి అలసి 180 దగ్గర కూలబడ్డాయి. ఇంకెక్కడ కూలబడతాయి? బ్రాడీపేట నాలుగో లైను దాటకుండా వెతికి, జిల్లాలోకెల్లా ఎత్తైనది అక్కడి మూడంతస్తుల మేడేనని తేల్చినట్టు! రాండమ్ సీడ్ (వెతుకులాట ఎక్కడెక్కడ మొదలవ్వాలో తేల్చే అంకె) మార్చి రెండోసారి నడిపాడా? రామ రామ. ఒకసారి వెలువడిన సత్యాన్ని మళ్ళీ అడగడం అపచారం.

ఆ 0.8 సంగతి. పక్కనే కరెంటు తీగలు, ఎండిన నేల, ఎలక్ట్రోడ్ల దగ్గర ఉప్పునీళ్ళు పోయడానికి బద్ధకం. రీడింగుల్లోనే 5 శాతం తేడా ఉండగా ఎర్రర్ 0.8కి దిగిందంటే, ఏడు పొరలు పెట్టి నాయిజ్‌ని, అంటే ఆ కొలత తేడాని కూడా రాయిగా లెక్కేశారన్నమాట.

రాతి పొరల మధ్య ఇరుక్కున్న పలుచటి పొర 10 ఓం-మీటర్ల రెసిస్టివిటీతో 5 మీటర్ల మందమున్నా, 20తో 10 మీటర్లున్నా కర్వ్ దాదాపు ఒకటే. మందాన్ని రెసిస్టివిటీతో భాగించండి, రెంటికీ 0.5. ఏ అల్గారిథమూ వీటిని విడదీయలేదు. నిజాయితీగా వాడితే రెండూ కుదురుతాయని మాత్రం చూపిస్తుంది. వేర్వేరు సీడ్లతో పలుమార్లు నడిపి, కొలత తేడా లోపు కుదిరిన మోడళ్ళన్నీ ఉంచి, లోతు ఎంత నుంచి ఎంతదాకానో రాయాలి. ఆ పొరలో ఉన్నది నీళ్ళా బంకమట్టా అన్నది చుట్టుపక్కల బోర్లు చూసి చెప్పాలి. తీరానికి దగ్గరి రేపల్లె వైపైతే ఉప్పునీళ్ళేమోనని కూడా.

రాయరు. రాస్తే రైతు రిగ్గు పిలవడానికి జంకుతాడు. రిగ్గు అడుగుకింత అని తీసుకుంటుంది, దుమ్మొచ్చినా సరే. మిరప మీద తెచ్చిన అప్పుకు వడ్డీ పార్టికల్స్ కట్టవు. హద్దులు మీరే గీసి, జవాబు మీరే ముందు పెట్టి, తప్పు నేల మీదికి నెడతారా? సిగ్గుండాలి!

180 దాటినా దుమ్మే లేస్తే ఫోన్ చేయండి. "ఇంకో యాభై దించండి" అంటాడు. ఆ యాభైకి ఏ అల్గారిథమూ అక్కర్లేదు.