ఏరిన చేతులకు లెక్క చెప్పాలి

సముద్రతీరంలోనో నదిగట్టునో తెల్లవారుజామునే యువజనం గుమిగూడి, చేతులకు తొడుగులు వేసుకుని, ఇసుకలో కూరుకుపోయిన కవర్లను, సీసా మూతలను, తెగిన వలతాళ్లను ఏరి సంచులకెత్తే దృశ్యం ఇప్పుడు ప్రపంచంలో చాలా తీరాలకు పరిచయమైనదే. మరునాడు పత్రికల్లో నిండిన సంచులు, వాటి పక్కన అలసిపోయి కూడా నవ్వుతున్న ముఖాలు కనిపిస్తాయి. ఆ ఫొటో తర్వాత జరిగేది మాత్రం పత్రికలకెక్కదు. సంచులు లారీ ఎక్కుతాయి. ఇసుక, ఉప్పునీరు పట్టి, ఎండకు పెళుసెక్కిన ఆ సరుకులో రీసైక్లింగ్‌కు పనికొచ్చేది కొంచెమే కాబట్టి మిగిలినదంతా చాలాచోట్ల చెత్తగుట్ట మీదకే చేరుతుంది. ఆ గుట్టకు సరైన కట్టుదిట్టం లేకపోతే గాలివానకు అందులో కొంత లేచి కాలువలో పడుతుంది, కాలువ నుంచి నదిలోకి, నది నుంచి మళ్లీ అదే సముద్రంలోకి వస్తుంది. ఈ తిరుగుడును అతి దగ్గరగా చూసినవాళ్లు ఆ సంచులు మోసిన యువతీ యువకులే. అందుకే వారిలో చాలామంది ఏరడంతో ఆగిపోకుండా, ఇది ఎవరి సరుకు, ఎక్కడి నుంచి వస్తోంది, ఎందుకు ఆగడం లేదు అని అడగడం మొదలుపెట్టారు. ఆ ప్రశ్నలకు జవాబు చెప్పాల్సిన పెద్దలు వారికి ప్రశంసాపత్రాలు ఇచ్చి ఊరుకోవడం న్యాయం కాదని ఈ పత్రిక భావిస్తోంది.

సమస్య ఎంత పెద్దదో ముందు చూడాలి. 1950లో ప్రపంచమంతా కలిపి ఏడాదికి దాదాపు 20 లక్షల టన్నుల ప్లాస్టిక్ తయారయ్యేది. ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ (ఓఈసీడీ) లెక్క ప్రకారం 2019 నాటికి అది 46 కోట్ల టన్నులకు చేరింది. ఆ ఒక్క ఏడాదిలో వ్యర్థంగా మారినది 35 కోట్ల టన్నులకు పైమాటే. అందులో చివరకు రీసైకిల్ అయినది 9 శాతం. సుమారు 22 శాతం ఏ పద్ధతీ పాడూ లేకుండా బహిరంగంగా కాలిపోయింది, లేదా నేల మీదకో నీటిలోకో జారిపోయింది. మానవజాతి ఇంతవరకు తయారుచేసిన ప్లాస్టిక్‌లో సగానికి పైగా 2000 సంవత్సరం తర్వాత వచ్చినదే. అంటే నేడు పాతికేళ్లు నిండని తరం పుట్టి పెరిగిన కాలమే ఈ పర్వతం పెరిగిన కాలం కూడా. దాన్ని పేర్చిన నిర్ణయాల్లో వారికి ఏ పాత్రా లేదు, దానితో బతకాల్సింది మాత్రం అందరికన్నా ఎక్కువ కాలం వారే.

ఇండోనేసియాలోని బాలి ద్వీపంలో 2013లో మెలాటి, ఇసాబెల్ విజ్సెన్ అనే అక్కాచెల్లెళ్లు ప్లాస్టిక్ సంచులకు వ్యతిరేకంగా ఉద్యమం మొదలుపెట్టినప్పుడు అక్కకు 12 ఏళ్లు, చెల్లెలికి 10 ఏళ్లు. సంతకాలు సేకరించారు, బడిబడికీ తిరిగి చెప్పారు, దుకాణదారులను ఒక్కొక్కరినీ ఒప్పించారు. గవర్నర్‌ను కలిసే వీలు చిక్కకపోవడంతో గాంధీజీ మార్గాన్ని గుర్తుచేసుకుని సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం వరకు నిరాహార దీక్షకు పూనుకున్నారు. అప్పుడు గవర్నర్ పిలిపించి మాట్లాడారు, ద్వీపాన్ని సంచుల బెడద నుంచి తప్పిస్తామన్న హామీపై సంతకమూ చేశారు. సంచులు, స్ట్రాలు, థర్మాకోల్ వంటి వాటిపై నిషేధం నిజంగా అమల్లోకి వచ్చింది మాత్రం 2019లో. ఉద్యమం ఆరంభించిన అక్కకు అప్పటికి 18 ఏళ్లు. ఒక పిల్ల బాల్యంలో మూడోవంతు ఒక సంచిని ఆపడానికే ఖర్చయిందంటే ఆ పట్టుదలకు చేతులెత్తి మొక్కాలి. ఒక సంచిని ఆపడానికి పరిపాలనకు ఆరేళ్లు పట్టినందుకు పెద్దలంతా తలదించుకోవాలి. వానాకాలం వస్తే బాలి తీరాలకు నేటికీ ప్లాస్టిక్ కొట్టుకొస్తూనే ఉంది, ఎందుకంటే నిషేధించిన వస్తువులు మూడో నాలుగో అయితే నదులు మోసుకొచ్చేవి వందల రకాలు.

నెదర్లాండ్స్‌కు చెందిన బోయాన్ స్లాట్ కథ వేరు. 16 ఏళ్ల వయసులో గ్రీస్ సముద్రజలాల్లో మునిగినప్పుడు చేపలకన్నా ప్లాస్టిక్ సంచులే ఎక్కువ కనిపించాయన్న ఆ కుర్రాడు, 18 ఏళ్లకే, 2013లో, 'ది ఓషన్ క్లీనప్' సంస్థను స్థాపించారు. 2018 సెప్టెంబరులో 600 మీటర్ల పొడవున్న తేలియాడే అడ్డుకట్టను శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి పసిఫిక్ మహాసముద్రంలోకి పంపితే, అది పట్టిన ప్లాస్టిక్ తిరిగి జారిపోయింది. ఏడాది చివరకు అడ్డుకట్టలోనే ఒక భాగం విరిగి ఊడిపోయింది. విమర్శలు వెల్లువెత్తాయి. నీటి ఉపరితలంపై తేలుతూ బతికే చిన్న చిన్న ప్రాణులు ఆ వలల్లో చిక్కుకుంటాయన్న శాస్త్రవేత్తల ఆందోళనలో నిజం లేకపోలేదు. అయినా ఆ బృందం తన లోపాన్ని బయటపెట్టి, నమూనా మార్చి, 2019లో మళ్లీ ప్రయత్నించి ప్లాస్టిక్‌ను పట్టగలిగింది. మాకు అంతకన్నా ముఖ్యంగా తోచేది ఆ తర్వాతి అడుగు. నడిసముద్రం నుంచి వారి చూపు నదుల వైపు మళ్లింది, నదీముఖాల్లో చెత్తను అడ్డగించే యంత్రాలు వచ్చాయి. వెయ్యికి పైగా నదులే సముద్రంలో కలిసే నదీ ప్లాస్టిక్‌లో 80 శాతానికి కారణమని 2021లో వెలువడిన అధ్యయనం తేల్చింది. వాటిలో మహానదులే కాదు, నగరాల మధ్య పారే చిన్న చిన్న ఏరులు కూడా ఎన్నో ఉన్నాయి. పైనున్న తూము తెరిచి ఉంచి కింద నీళ్లు తోడితే చెరువు తరగదు కదా. నడిసముద్రంలో వల వేసిన యువకుడు ఒక్కో మెట్టూ ఎగువకు నడిచాడు. విధానాలు రూపొందించేవారు కూడా అదే దారిలో, నది దాటి, నగరం దాటి, ఫ్యాక్టరీ గేటు దాకా నడవాలి.

ప్రయోగశాలల్లోనూ యువత చేతులు కట్టుకుని కూర్చోలేదు. ఐర్లాండ్ తీరంలో చమురు జిడ్డు అంటిన ఒక రాయికి ప్లాస్టిక్ తునకలు అతుక్కుని ఉండటం గమనించిన ఫియన్ ఫెరేరా, నూనెలో సన్నని ఇనుప ఆక్సైడ్ పొడి కలిపి, ఆ మిశ్రమాన్ని నీటిలో వేసి, సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులు దానికి పట్టుకున్నాక అయస్కాంతంతో అంతా బయటికి లాగే పద్ధతిని రూపొందించి 2019లో గూగుల్ సైన్స్ ఫెయిర్‌లో అగ్రబహుమతి పొందారు. అప్పుడు ఆయనకు 18 ఏళ్లు. కెన్యాలో ఇంజినీర్ న్జాంబి మాటీ వ్యర్థ ప్లాస్టిక్‌ను ఇసుకతో కలిపి కరిగించి, అచ్చుపోసి, నేలకు పరిచే ఇటుకలు చేస్తున్నారు. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం ఆమెను 2020లో యువ విజేతగా గుర్తించింది. ఇలాంటి ప్రతి ఆవిష్కరణనూ పరిష్కారం దొరికిపోయిందన్నట్టు ప్రచారం చేయడం వారికే అపకారం. బీకరులో గెలిచిన పద్ధతి నగర జలశుద్ధి కేంద్రంలో గెలవాలంటే ఏళ్ల తరబడి పరీక్షలూ పెట్టుబడీ కావాలి. చప్పట్లు కొట్టిన చేతులే ఆ పెట్టుబడి దగ్గరకు వచ్చేసరికి ముడుచుకుపోతున్నాయి.

మా దృష్టిలో యువత చేస్తున్న పనులన్నిటిలోకీ గొప్పది పెద్దగా ఫొటోలకెక్కనిది. అది లెక్కపెట్టడం. ఏరిన చెత్తను లారీకెత్తే ముందు నేల మీద టార్పాలిన్ పరిచి కుమ్మరిస్తారు. చుట్టూ కూర్చుని ఒక్కో వస్తువునూ చేతిలోకి తీసుకుంటారు. బురదను బొటనవేలితో తుడిచి, ఎండకు వెలిసిపోయిన అక్షరాలను వెలుతురుకు పట్టి చదువుతారు. ఒకరు కంపెనీ పేరు, ఏ రకం ప్లాస్టిక్, ఎన్ని పొరలు అని పైకి చెబుతుంటే ఇంకొకరు కాగితం మీద గీతలు గీస్తూ పోతారు. ఓపిక తప్ప వేరే సాధనం అక్కర్లేని పని అది. కానీ 2018 నుంచి 2022 వరకు 84 దేశాల్లో స్వచ్ఛంద కార్యకర్తలు ఇలా గీసిన గీతలన్నీ కలిపితే 18 లక్షలకు పైగా వస్తువుల పట్టిక తయారైంది. 2024లో ఒక ప్రముఖ శాస్త్ర పత్రికలో వెలువడిన విశ్లేషణకు ఆధారం ఆ పట్టికే. పేరు కనిపించిన వస్తువుల్లో సగానికి పైగా 56 కంపెనీలవని, ఒక కంపెనీ ఉత్పత్తి పెరిగినకొద్దీ బయట దొరికే దాని చెత్త కూడా దాదాపు అదే నిష్పత్తిలో పెరుగుతోందని అది చూపించింది. ప్రజల అజాగ్రత్తే అసలు కారణమని దశాబ్దాలుగా వినిపిస్తున్న వాదనకు ఇంతకన్నా సూటిగా ఎవరూ బదులు చెప్పలేదు. వీధిలో కవరు పారేసే చేతికి బాధ్యత లేదని మేము అనడం లేదు. ఎంత జాగ్రత్తపరుడైనా సరిగా పారేయడానికి చోటే లేని వస్తువును కోట్ల కొద్దీ తయారుచేసి వదిలే నిర్ణయం ఆ చేతిది కాదంటున్నాం.

అలాంటి వస్తువుకు తిరుగులేని ఉదాహరణ పలు పొరలతో చేసిన చిన్న ప్యాకెట్. పలుచని ప్లాస్టిక్ పొర, నడుమ అల్యూమినియం పూత, పైన అచ్చు వేయడానికి మరో పొర, ఇవన్నీ విడదీయరానంతగా అతికించి ఉంటాయి. లోపలి సరుకు తేమ తగలక నెలల తరబడి నిలవ ఉండటానికి ఆ పొరలే కారణం, దాన్ని రీసైకిల్ చేయలేకపోవడానికీ అవే కారణం. నీళ్ల సీసాకు చెత్త ఏరుకుని బతికే కార్మికుడికి ఎంతో కొంత ధర పలుకుతుంది కనుక అది రోడ్డు మీద ఎక్కువసేపు నిలవదు. ప్యాకెట్‌కు దమ్మిడీ విలువ లేదు కనుక వంగి తీసేవారు ఉండరు. తీరాల్లో లెక్కపెట్టే పిల్లలు దీన్ని చూడగానే గుర్తుపడతారు. సీసాకు విలువ కట్టి, తిరిగి ఇచ్చినవారికి కట్టిన సొమ్ము వాపసు చేసే పద్ధతి జర్మనీలో 2003 నుంచి అమల్లో ఉంది, అక్కడ ఆ పథకం కిందికి వచ్చే సీసాల్లో 90 శాతానికి పైగా వెనక్కి వస్తున్నాయి. జర్మనీ ప్రజలు మిగతావారికన్నా ఉత్తములైనందువల్ల జరిగింది కాదది, నియమం సరిగా రాసినందువల్ల జరిగింది. విలువ కట్టలేని ప్యాకెట్ విషయంలో చేయగలిగింది దాని రూపం మార్పించడం, కుదరకపోతే మాన్పించడం. ఆ అధికారం విద్యార్థి సంఘానికి లేదు, చట్టసభలకు ఉంది.

ఇక్కడ పత్రికల పాత్రనూ దాచకూడదు. అమెరికాలోని వెర్మాంట్‌లో 2011లో 9 ఏళ్ల బాలుడొకడు స్ట్రాల వాడకం తగ్గించాలని ప్రచారం మొదలుపెట్టి, తయారీదారులకు తానే ఫోన్లు చేసి, దేశంలో రోజుకు 50 కోట్ల స్ట్రాలు వాడుతున్నారని అంచనా కట్టాడు. ఆ వయసులో ఆ ప్రయత్నం చేయడమే విశేషం. ఆ అంకెను సరిచూడకుండా ఏళ్ల తరబడి అచ్చువేస్తూ పోయిన తప్పు పెద్దలది, ప్రధానంగా పత్రికలది. ఆ తర్వాత ఆ లెక్కను ఎద్దేవా చేసినప్పుడు నింద మాత్రం పిల్లవాడి మీద పడింది. యువత తెచ్చే సమాచారాన్ని గౌరవించడమంటే దాన్ని పరీక్షించడం, లోపముంటే చెప్పి సరిచేయడానికి తోడ్పడటం. భుజం తట్టి పంపేయడంలో ఆ గౌరవం లేదు.

శుభ్రతా కార్యక్రమాలకు టోపీలు, చొక్కాలు పంచే సంస్థల్లో కొన్ని, తీరంలో దొరికే చెత్తపై తమ పేరే ఉన్నా, ఉత్పత్తిపై పరిమితులు విధిస్తామంటే ఒప్పుకోవడం లేదు. అలాంటి చొక్కా తొడుక్కోవాలా వద్దా అన్నది నిర్వాహకులైన యువతీ యువకులు తేల్చుకోవాల్సిన విషయం. నిధుల కొరత ఎంత కఠినమో తెలుసు కాబట్టి మేము తీర్పు చెప్పబోము. ఇచ్చే చేతిని కూడా లెక్కల పట్టికలో ఎక్కించే స్వేచ్ఛను మాత్రం వదులుకోవద్దని కోరుతున్నాం.

ప్లాస్టిక్ కాలుష్యాన్ని అంతమొందించే అంతర్జాతీయ ఒప్పందం రాయాలని 2022 మార్చిలో నైరోబీలో ప్రపంచ దేశాలు తీర్మానించాయి. 2024 చివరికల్లా పని ముగించాలనుకున్నాయి. దక్షిణ కొరియాలోని బుసాన్‌లో జరిగిన చర్చల్లో ఆ గడువు దాటిపోయింది, 2025 ఆగస్టులో జెనీవాలోనూ అంగీకారం కుదరలేదు. ఉత్పత్తికి హద్దు ఉండాలని వందకు పైగా దేశాలు కోరుతుంటే, చమురు, సహజవాయువులపై ఆధారపడిన దేశాలు చర్చను వ్యర్థాల నిర్వహణకే పరిమితం చేయాలని పట్టుబట్టాయి. ప్లాస్టిక్ దాదాపు అంతా ఆ రెండింటి నుంచే పుడుతుందని గుర్తుంచుకుంటే ఆ పట్టుదల వెనుక ఉన్నదేమిటో వేరే చెప్పనక్కర్లేదు. ఆ చర్చలకు యువ ప్రతినిధులు పరిశీలకులుగా హాజరయ్యారు. తెరవెనుక మంతనాలకు తలుపులు మూసుకున్న వేళ వారు వరండాల్లో నిలబడాల్సి వచ్చింది. 84 దేశాల తీరాల్లో మోకాళ్ల మీద కూర్చుని రాసిన పట్టిక ఉన్నవారికి ఆ గదిలో కుర్చీ దొరకాలి, వారు చెప్పినది అధికారిక నమోదులోకి ఎక్కాలి. ప్రతి ప్రభుత్వమూ తన ప్రతినిధి బృందంలో ఇద్దరు ముగ్గురు యువ సభ్యులను చేర్చుకోవడానికి అంతర్జాతీయ అంగీకారం కోసం ఎదురుచూడనక్కర్లేదు.

ఒప్పందం కోసం ఆగకుండా రేపే చేయగల పని ఇంకొకటి ఉంది. ఆ 18 లక్షల వస్తువుల్లో సగానికి పైగా వాటి మీద ఏ పేరూ దొరకలేదు. కొన్నింటిపై మొదటి నుంచీ లేదు, కొన్నింటిపై ఎండకూ ఉప్పుకూ చెరిగిపోయింది. తయారీదారు పేరునూ ప్లాస్టిక్ రకాన్నీ చెరగకుండా ప్రతి ప్యాకెట్ పైనా అచ్చొత్తాలని ఏ దేశమైనా తన సొంత చట్టంతోనే నిర్దేశించవచ్చు, ఏ కంపెనీ ఎంత ప్లాస్టిక్‌ను మార్కెట్‌లోకి వదిలిందో ఏటా బహిరంగంగా ప్రకటించాలని ఆదేశించవచ్చు. అప్పుడు టార్పాలిన్ మీద బురద తుడిచి చూసే అమ్మాయికి, పట్టికలో 'పేరు తెలియదు' అన్న గడిలో గీత గీయాల్సిన అవసరం తప్పుతుంది.