ఫేమ్‌కి పేరు తెచ్చింది వేగం కాదు

విక్టోరియా రాణి చివరి రోజుల్లో బ్రిటిష్ నౌకాదళం కట్టించిన డిస్ట్రాయర్ల (చిన్న, వేగమైన యుద్ధనౌకల) గురించి ఎవరు మొదలుపెట్టినా ముందు వేగం లెక్కే చెబుతారు. 1896లో లండన్ దగ్గర చిజ్విక్‌లో థార్నీక్రాఫ్ట్ కంపెనీ నీళ్లలోకి దించిన 'ఫేమ్' కూడా అంతే, 30 నాట్ల (గంటకి దాదాపు 55 కిలోమీటర్ల) ఓడ. నాకైతే ఆ అంకె మీద పెద్ద గురి లేదు. ట్రయల్స్ రోజున బరువు తగ్గించి, బొగ్గు వేయడంలో ఆరితేరిన వాళ్లని పెట్టి రాబట్టే వేగం అది. నిండా బొగ్గూ గుండ్లూ ఎక్కించుకున్నాక కథ వేరు.

అసలు ఈ రకం ఓడలు పుట్టిందే ఫ్రాన్స్ టార్పెడో బోట్లని, అంటే నీళ్లలో దూసుకెళ్లి ఓడల్ని పేల్చే టార్పెడోలు వదిలే చిన్న పడవల్ని, తరమడానికి. ఫేమ్‌కి మాత్రం పేరొచ్చింది చైనాలో, ఒక నదిలో. 1900లో విదేశీయుల మీద చైనాలో లేచిన బాక్సర్ల తిరుగుబాటు అప్పుడు విదేశీ సేనలు తాకు (మన క్రియాపదం కాదు, ఊరి పేరు) కోటల మీద పడ్డాయి. పెద్ద యుద్ధనౌకలు పైహో నది ముఖద్వారంలో ఇసుకమేట దాటి లోపలికి రాలేవు, సముద్రంలోనే ఆగిపోయాయి. లోతు తక్కువ ఉన్నా నడిచే ఫేమ్, ఇంకో బ్రిటిష్ డిస్ట్రాయర్ 'వైటింగ్' లాంటివే లోపలికి పోగలవు. జూన్ 17 తెల్లవారకముందే ఫేమ్‌ని నడిపే లెఫ్టినెంట్ రోజర్ కీస్ రెండు ఓడల్నీ తీసుకెళ్లి ఒడ్డున కట్టేసి ఉన్న నాలుగు చైనా డిస్ట్రాయర్ల పక్కన ఆనించాడు. నావికులు పాతకాలం ఓడదొంగల్లా వాటి మీదకి దూకేశారు! ఆ నాలుగూ జర్మనీలో కట్టినవి, కొత్తవి, కాగితం మీద ఫేమ్ కంటే వేగమైనవే, కానీ ఒడ్డున కట్టేసిన ఓడకి ఎన్ని నాట్లుంటే ఏం లాభం? ఒడ్డు మీంచి వచ్చిన గుండు ఒకటి వైటింగ్ బాయిలర్‌కి తగిలింది గానీ బ్రిటిష్ వాళ్లలో ఎవరూ చావలేదు.

ఇంగ్లీషు వాళ్లు దీన్ని గొప్ప సాహసంగా చెప్పుకుంటారు. సాహసమే, కాదనను. అయితే చైనా యుద్ధం ప్రకటించింది జూన్ 21న, అంటే ఓడలు పోయిన నాలుగు రోజులకి. పట్టుకున్న వాటిని బ్రిటన్, జర్మనీ, రష్యా, ఫ్రాన్స్ తలా ఒకటి పంచుకున్నాయి, బ్రిటన్ తన దానికి 'తాకు' అనే పేరే పెట్టుకుంది.

కీస్ ఆ ఏడాదే కమాండర్ హోదాకి ఎదిగాడు, 1918లో జర్మన్ల చేతిలో ఉన్న బెల్జియం రేవు జీబ్రుగ్ మీద దాడి నడిపించింది కూడా ఆయనే. ఫేమ్‌కి ఆ తర్వాత పెద్దగా కథే లేదు. 1913లో పొగగొట్టాలు లెక్కబెట్టి, రెండున్నాయని 'డి' తరగతిలో వేశారు. మొదటి ప్రపంచయుద్ధం వచ్చేసరికి కూడా చైనా తీరంలోనే ఉంది. 1921లో హాంకాంగ్‌లో అమ్మేశారు.