వేయాల్సింది సాలెగూడు, కురిసింది మంచు

మా అపార్టుమెంటు వినాయక మండపంలో పిల్లలకి ఫ్యాన్సీ డ్రెస్ పోటీ పెట్టారు. మావాడు స్పైడర్‌మ్యాన్ వేస్తానన్నాడు. ఎర్ర డ్రెస్సు ఒకటి కొని తొడిగేస్తే పోయేది. మా ఆవిడా అదే అంది. నేను ఊరుకుంటేగా!

"ఏ స్పైడర్‌మ్యాన్?" అన్నాను.

"అదేంటండీ, ఎంతమంది ఉన్నారేంటి?"

పెళ్లయిన పన్నెండేళ్లకి కూడా ఈ మనిషిని ఏం అడక్కూడదో తెలుసుకోకపోతే ఎలా? 1962 ఆగస్టు కామిక్ సంచికలో స్టాన్ లీ, స్టీవ్ డిట్కో పుట్టించిన పీటర్ పార్కర్‌కి, అంటే అసలు స్పైడర్‌మ్యాన్‌కి, సాలీడు కుట్టాక బలం వచ్చింది, గోడలెక్కడం వచ్చింది. దారం మాత్రం రాలేదు. ఆ జిగురు ద్రవం తనే కలుపుకున్నాడు, మణికట్టుకి కట్టుకునే యంత్రం తనే చేసుకున్నాడు. కుర్రాడి బుర్రంతా అందులోనే ఉంది. 2002లో సినిమా తీసిన శామ్ రైమీ యంత్రం తీసేసి, దారాన్ని నేరుగా ఒంట్లోంచే రప్పించాడు. ఆ రోజు నేను టికెట్ డబ్బులు వెనక్కి అడగలేదు గానీ, ఆయన్ని ఇప్పటికీ క్షమించలేదు.

"నాకు సినిమాలోదే బాగుంది నాన్నా" అన్నాడు వాడు. అభిరుచి తల్లిది.

పేపరు చాటు నుంచి మా మామగారు దగ్గారు. "అల్లుడుగారూ, వ్యాస భారతంలో శశిరేఖ ఏ పర్వంలో ఉందండీ?"

"లేదండి."

"పెళ్లికూతురే లేదు. అయినా 1957 నుంచీ ఆ మాయాబజార్ పెళ్లికి వెళ్లి భోంచేసి వస్తూనే ఉన్నాం. ఎవరికైనా అరక్కపోవడం విన్నారా?"

"అది వేరు మామయ్యగారూ" అన్నాను. ఎలా వేరో అడుగుతారేమోనని వెంటనే బజారుకి బయల్దేరాను.

దారిలో ఇంకో సంగతి గుర్తొచ్చింది. బ్యాట్‌మ్యాన్ ఇంట్లో పనిచేసే ఆల్ఫ్రెడ్ 1943 కామిక్‌లో మొదట వచ్చినప్పుడు లావుగా, మీసం లేకుండా ఉండేవాడు. అదే ఏడాది వచ్చిన సినిమా సీరియల్లో ఆ వేషం వేసినాయన సన్నగా, మీసంతో ఉన్నాడు. దాంతో కామిక్ వాళ్లు మరుసటి ఏడాదికల్లా తమ ఆల్ఫ్రెడ్ చేత ఒళ్లు తగ్గించి మీసం పెంచేశారు. అంటే కామిక్కే సినిమాని చూసి దిద్దుకుంది. ఇది మామగారికి చెప్పలేదు. ఆయన చేతికి అస్త్రం మనమే అందించడం దేనికి?

కొట్లో దారంలా వచ్చే స్ప్రే అడిగాను. కుర్రాడు ఫోను చూసుకుంటూ ఓ డబ్బా ఇచ్చాడు. దాన్ని మావాడి మణికట్టుకి ఇన్సులేషన్ టేపుతో బిగించి, మూత మీద మీట అరచేతికి అందేలా ఏర్పాటు చేశాను. రిహార్సల్ వేస్తే డబ్బా అయిపోతుందని వేయించలేదు.

ఇద్దరు కృష్ణులు, ఒక భారతమాత, ఒక టమాటా అయ్యాక మావాడు స్టేజీ ఎక్కాడు. ప్రెసిడెంటుగారు మైకుతో వంగి, "నీ పేరేంటి బాబూ?" అన్నారు. వీడు చెయ్యి చాపి మీట నొక్కాడు.

దారం రాలేదు. బర్త్‌డే కేకు కోసేటప్పుడు కొట్టే నురగ వచ్చింది. వచ్చి ఆగలేదు. టేపు మీట మీదికి కూడా జారి అతుక్కుపోయింది. వీడు కంగారుపడి ఎటు తిరిగితే అటు మంచే. ప్రెసిడెంటుగారి మీసాలు, మైకు, ఆ పక్కనే ప్రసాదం గంగాళం. పులిహోర కాస్తా దద్దోజనం అయింది. ముందు వరసలో ఓ చంటిది "శాంతా తాతా!" అని చప్పట్లు కొట్టింది.

జడ్జిగా వచ్చిన తెలుగు మాస్టారు కళ్లజోడు తుడుచుకుంటూ, "ఇది ఏ వేషం నాయనా?" అన్నారు.

"కామిక్‌లో ఇలాగే ఉంటుందండి. మా నాన్న చెప్పాడు" అన్నాడు వాడు, నన్ను వేలెత్తి చూపిస్తూ.

ఫస్టు ప్రైజు టమాటాకి ఇచ్చారు. మామగారు నా చెవి దగ్గరికి వంగి, "మూలానికి అక్షరాలా కట్టుబడ్డ వేషం అల్లుడుగారూ" అన్నారు.

ఇంటికొచ్చి వాడి చేతికి టేపు ఊడబీకుతూ, "వచ్చే ఏడాది సూపర్‌మ్యాన్ వేయిద్దాం. 1938లో ఆయనకి ఎగరడం కూడా రాదు, గెంతడమే. డబ్బాలూ గిబ్బాలూ అక్కర్లేదు" అన్నాను.

"ఎంత దూరం గెంతేవాడు నాన్నా?"

"ఓ రెండొందల మీటర్లు."

మా ఆవిడ లేచి వెళ్లి బాల్కనీ తలుపు గడియ పెట్టింది.