పాత గాస్కెట్టే చాలన్నాడు

వారం రోజులుగా బండి స్టార్ట్ చేయాలంటేనే ఒళ్లు మండుతోంది. గంభీరమైన శబ్దం కోసమని నా 350 సీసీ బండికి కంపెనీది కాని బయటి సైలెన్సర్ వేయించుకున్నా. వచ్చిందేమో ఇంజన్ దగ్గర బుస్సుబుస్సుమని పొగ లీకయ్యే చప్పుడు.

మెకానిక్ బిగించేటప్పుడు పక్కనే నిలబడి చూశాను. ఇంజన్ నుంచి పొగ తెచ్చే బెండ్ పైపు సిలిండర్‌ను కలిసే చోట, పొగ లీకవ్వకుండా రింగులాంటి గాస్కెట్ ఉంటుంది. ఒకసారి నలిగితే మళ్లీ సరిగా పట్టదు. "కొత్తది వేయన్నా" అంటే "ఏం కాదులేప్పా, పాతదే చాలు" అన్నాడు. వేలు పోసి సైలెన్సర్ కొన్నవాణ్ని, ఆ చిన్న రింగు దగ్గర లెక్క చూసుకుంటానా? పైగా తుప్పు పట్టిన నట్టును ఒక్క గుంజు గుంజాడు, ఆ నట్టు ఎక్కే స్టడ్ (ఇంజన్‌లో దిగి ఉండే మరల కడ్డీ) సగానికి విరిగింది. ఇప్పుడు పైపు రెండో నట్టు మీదే వేలాడుతోంది.

నాది బీఎస్6 (కాలుష్య నిబంధనల) బండి, పైపుకు పొగలో ఆక్సిజన్ ఎంతుందో చూసే సెన్సర్ ఉంటుంది. కొత్త పైపులో దానికి రంధ్రమే లేదు. టేపు చుట్టి ఫ్రేముకు కట్టేశాడు! అప్పటి నుంచి మీటర్‌లో ఇంజన్‌లో తేడా ఉందని చెప్పే పసుపు లైటు ఆరడం లేదు. లీకైన చోట గాలి పీల్చుకుని, యాక్సిలరేటర్ వదిలితే చాలు టపాటపా పేలుతోంది. నిన్న కర్నూలు రాజ్‌విహార్ సెంటర్‌లో ఒక పెద్దాయన ఉలిక్కిపడి చెవులు మూసుకున్నాడు. ప్రాణం చివుక్కుమంది. ఇలాంటి బండ్లు కంపెనీ నుంచి వచ్చేటప్పుడు 80 డెసిబెల్స్ దాటకూడదు, నాది ఎంత మోగుతోందో!

పాత సైలెన్సర్ గోనెసంచిలో భద్రంగానే ఉంది. రేపు ఇంకో మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తున్నా. ముందు ఆ విరిగిన స్టడ్‌ను డ్రిల్ చేసి తీయాలట.