ఆటోగ్రేడర్ గారికి, ఒక ఖాళీ గురించి

మా ప్రోగ్రాములు దిద్ది మార్కులు వేసే సాఫ్ట్‌వేరు, మహారాజశ్రీ ఆటోగ్రేడర్ గారి దివ్యసముఖానికి, సీ ప్రోగ్రామింగ్ విద్యార్థి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. అంటే, తమరు కుశలం. 'ఉభయ' అనేది అలవాటు కొద్దీ పడింది.

నిన్న ఆదివారం. బెంగళూరు మారతహళ్లిలో మా పీజీ మెస్సులో వారానికొక్కసారి చికెన్ బిర్యానీ వండేది ఆ రోజే. రెండున్నర దాటితే గిన్నెలు ఎత్తేస్తారు, రాత్రికి వంట ఉండదు. సరిగ్గా పన్నెండింటికి తమరి ఫలితం వచ్చింది. లింక్డ్ లిస్ట్ (అంకెల్ని గొలుసులా కట్టి ప్రింట్ చేయడం) అసైన్‌మెంట్, 10 టెస్టులు, 20 మార్కులు. నాకు 0.

కారణం కూడా దయతో చూపించారు.

రావలసింది: 10 20 30
వచ్చింది: 10 20 30

తేడా ఎక్కడుందో వెతకొద్దు, నేను మూడు గంటలు వెతికాను. పాయింటర్లు చూశాను. మెమరీ అడిగే మాలాక్ చూశాను. హెడ్, అంటే గొలుసు మొదలు, ఎక్కడైనా జారిపోతోందేమోనని అడుగడుగునా ప్రింట్‌ఎఫ్ పెట్టాను. వార్నింగులు ఏమున్నా చెప్పమని కంపైలర్ జీసీసీని బతిమాలితే ఒక్కటీ లేదంది. దేవుడు వరమిచ్చేశాడు, ఇక పూజారి గారే ఇవ్వాలి.

ఆఖరికి రూమ్మేటు బిర్యానీ తిని, చేయి తుడుచుకుంటూ వచ్చి, "ఏందిరా, ఇంకా అదేనా?" అంటూ ఆ రెండు లైన్ల మీదా మౌస్ లాగాడు. పై లైనులో నీలం రంగు 30 దగ్గర ఆగింది. నా లైనులో ఇంకొక్క గడి ముందుకు పోయింది.

స్పేసు. 30 తర్వాత, ఎవరి కంటికీ కనబడని, ఎవరికీ అడ్డురాని ఒక్క స్పేసు. అప్పటికి మెస్సులో గిన్నెలు కడుగుతున్న చప్పుడు వినబడుతోంది.

లూపులో అంకె, పక్కనే స్పేసు ప్రింట్ చేసుకుంటూ పోతే ఆఖరి అంకె పక్కనా అది పడుతుంది. బోర్డు మీద మా సార్ రాసిందీ అదే లూపు. దాన్ని చూసే నేను రాసుకున్నాను. సార్‌కి జీతం వస్తోంది, నాకు సున్నా వచ్చింది.

అయ్యా, తమరిది పెద్ద వంశం. 1960లోనే, పంచ్ కార్డుల కాలంలో, అమెరికాలో రెన్సలేర్ పాలిటెక్నిక్‌లో విద్యార్థుల ప్రోగ్రాములను యంత్రం చేతే దిద్దించడం గురించి జాక్ హాలింగ్స్‌వర్త్ వ్యాసం రాశారు. అరవై ఏళ్లు దాటింది. ఇన్నేళ్లలో ఒక్క స్పేసు చూసీ చూడనట్టు ఊరుకోవడం నేర్చుకోలేదా నువ్వు? 1970లలో యూనిక్స్‌లో పుట్టిన రెండు ఫైళ్ల తేడాలు చూపే ముసలి డిఫ్ కమాండుకే మైనస్ బి అని చెబితే, లైను చివరి ఖాళీలు వదిలేసి మిగతా పని చూసుకుంటుంది. రెండే రెండు కీలు. ఆ రెండు నొక్కడానికి ఎవరికీ తీరిక లేదు గానీ నా ఆదివారం మొత్తం ఖాళీనే!

అసలు మంట ఇంకోటుంది. కాపీ కొట్టినవాళ్లని పట్టడానికి మాస్ అని ఒకటి పెట్టుకున్నారుగా. మన సినిమా మాస్ కాదు, 1994లో అలెక్స్ ఐకెన్ తయారుచేసింది. పోయిన నెల మా పక్క రూమువాడు ఎవరి కోడో తెచ్చి, టెంప్ అనే వేరియబుల్ పేరున్నచోటల్లా బాబాయ్ అని మార్చి, మధ్యమధ్య స్పేసులు బస్తాలకొద్దీ కుమ్మరించి పంపాడు. మధ్యాహ్నానికల్లా దొరికిపోయాడు. ఎందుకంటే అది ఖాళీల్ని లెక్కలోకే తీసుకోదు. చూశావా? దొంగని పట్టేటప్పుడు స్పేసుకి విలువ లేదు. దొరకి మార్కులిచ్చేటప్పుడు మాత్రం ఆ స్పేసుకి 20 మార్కుల విలువ!

ల్యాబ్ రికార్డు సంగతి సరేసరి. అదే ప్రోగ్రాము కుడిపక్క రూళ్ల పేజీలో పెన్నుతో, అవుట్‌పుట్ ఎడమపక్క తెల్లపేజీలో పెన్సిలుతో. అక్కడ 30 తర్వాత అరపేజీ ఖాళీ వదిలాను. ఎర్ర సంతకం పెట్టి పదికి పది వేశారు.

11:59 గడువు మీద నాకు పేచీ లేదు. ఒక్క నిమిషం దాటితే 10 శాతం కోత అన్నా సరే. పదకొండున్నరకి మా పీజీ వైఫై ఏ స్థితిలో ఉంటుందో మాత్రం ఒకసారి వచ్చి చూడు. రీగ్రేడ్ అడిగితే సార్ అసిస్టెంటు టీఏ నుంచి ఒక్క లైను జవాబు: "ప్రశ్నపత్రం నాలుగో పేజీ చదవండి." చదివాను. 'అవుట్‌పుట్ నమూనాలో ఉన్నట్టే ఉండాలి' అని ఉంది. నమూనాలో స్పేసు లేదన్న సంగతి నమూనా చూసి ఎలా తెలుస్తుందో అయిదో పేజీలో కూడా లేదు.

ఇంత తిట్టాక ఒక మాట ఒప్పుకోవాలి. పోయిన నెల క్యూ (ముందొచ్చింది ముందు పోయే వరస) అసైన్‌మెంటు. రాత్రి రెండు. పీజీ అంతా నిద్ర. నా కోడు బ్రహ్మాండంగా ఉందని నలుగురు ఫ్రెండ్సు చెప్పాక పంపాను. నువ్వొక్కడివే ఏడో టెస్టు దగ్గర ఎర్రగీత గీశావు, సెగ్మెంటేషన్ ఫాల్ట్, అంటే ముట్టకూడని మెమరీ ముట్టి ప్రోగ్రాము కుప్పకూలడం. క్యూ ఖాళీగా ఉన్నప్పుడు తీసేయమంటే నా ప్రోగ్రాము దేన్నీ చూపని నల్ పాయింటర్‌లో చేయి పెట్టేది. ఆ ఖాళీని నేను చూడలేదు, నువ్వు చూశావు. వైవాకొచ్చిన ఎక్స్‌టర్నల్ అయితే "ఆంధ్రానా, తెలంగాణనా?" అన్నాకే మొదటి ప్రశ్న వేశాడు. నువ్వు ఎన్నడూ అడగలేదు. ఆ రాత్రి నాతో మేలుకున్నది నువ్వూ, వీధిలో కుక్కలూ.

అందుకే నిన్న సాయంత్రం బిస్కెట్లు తింటూ, గొలుసులో చివరి నోడ్ అయితే స్పేసు వద్దని ఒక ఇఫ్ పెట్టి మళ్లీ పంపాను. ఆలస్యానికి 2 మార్కులు పోను 18. బిర్యానీ లెక్కలో రాలేదు.

ఇట్లు,
తమరి విధేయుడు, నీ బాధితుడు.

తాజా కలం: ఈ ఉత్తరంలో ప్రతి లైనూ మౌస్‌తో లాగి చూశాకే పంపుతున్నాను.