ముందు మందు

ఫ్రెండ్‌షిప్ అని పేరు పెట్టుకున్న ఊళ్లో ఏటా తుపాకుల తిరునాళ్ల జరుగుతుందంటే నేను మొదట నమ్మలేదు. మేం ఉండేది ఒహాయోలో, సిన్సినాటి పొలిమేరల్లో. అక్కడి నుంచి పడమరగా ఇండియానాలోకి దాటి గంట పైచిలుకు పోతే లాఫరీ వాగు దగ్గర ఆ పల్లె వస్తుంది. జూన్‌లో ఒకసారి, సెప్టెంబర్‌లో ఒకసారి అక్కడ పోటీలు. 1933లో పుట్టిన నేషనల్ మజిల్ లోడింగ్ రైఫిల్ అసోసియేషన్ వాళ్లు నడుపుతారు. గొట్టం మూతిలోంచి మందు పోసి, గుండు కూరి కాల్చే పాతకాలపు తుపాకులదే అక్కడ రాజ్యం. పోటీలు ఒకవైపు, సంత ఒకవైపు.

నన్ను ఆ సంతకి తీసుకెళ్లింది పక్కింటి పెద్దాయన. లేత్ మిషన్ మీద పనిచేసి రిటైరైన మనిషి. ఇలాంటి తుపాకులు ఇంట్లోనే ఎన్నో తయారుచేశాడు. నేను వారమంతా కంప్యూటర్ ముందు కూర్చునేవాణ్ని, చేత్తో ఏదైనా చేయాలన్న దురద ఉన్నవాణ్ని. ఆ దురదకి మా ఆవిడ కూరగాయల మడులు చూపించింది. నేను మాత్రం సంతలో గుడ్డ పరిచి పోసిన తుప్పు సామాను చూసి పడిపోయాను.

ఇంగ్లీషులో ఏదైనా మొత్తంగా అని చెప్పడానికి 'లాక్, స్టాక్ అండ్ బ్యారెల్' అంటారు కదా. తుపాకీకి ఉండే మూడు ముఖ్యమైన భాగాలు అవే. నేను మూడింటినీ మూడు దుకాణాల్లో కొన్నాను. సంబంధం ఒక ఊళ్లో, కట్నం ఇంకో ఊళ్లో, పురోహితుడు మరో ఊళ్లో మాట్లాడుకున్నట్టు. బ్యారెల్, అంటే గొట్టం, పాయింట్ 32 క్యాలిబర్. అంటే లోపలి బెజ్జం అంగుళంలో మూడో వంతు కూడా ఉండదు, ఎనిమిది మిల్లీమీటర్లు. ఉడతల్ని కొట్టే తుపాకీ అంటారు దాన్ని. స్టాక్, అంటే చెక్క భాగం, చారల మేపుల్ కర్ర. పులి చర్మంలా మెరుస్తోంది. ఎవరో విరిగిన తుపాకీ నుంచి విప్పినది. లాక్ అంటే గుర్రం, స్ప్రింగులు ఉండే యంత్రం. ట్రిగ్గర్ నొక్కితే ఠక్కున దెబ్బ కొట్టే చిన్న సుత్తినే గుర్రం అంటారు. కొత్తదైతే నూటయాభై డాలర్లు దాటేది, నలభైకే ఇచ్చాడు. ఇంత చవక ఎందుకని అడగాలని నాకు తోచలేదు. బేరం కుదిరినప్పుడు ప్రశ్నలు వేయకూడదని మా అమ్మ నేర్పింది.

ఇంటికొచ్చి బేస్‌మెంట్‌లో బల్ల మీద పెట్టాక తెలిసింది, అది ఎడమచేతి వాటం లాక్. స్టాక్‌కి గాడి కుడివైపు ఉంది. ఎటు తిప్పినా గుర్రం చెక్కకేసి మొహం పెట్టి నిలబడుతోంది, అలిగిన కొత్తకోడలిలా. ఇక బ్యారెల్. ఆ స్టాక్ ఒకప్పుడు పాయింట్ 50 తుపాకీదట. లావు బ్యారెల్ కోసం తవ్విన గాడిలో నా సన్న బ్యారెల్ గడగడలాడుతోంది. నాన్న చెప్పులు వేసుకున్న పిల్లాడి నడకలా ఉంది దాని యవ్వారం.

పెద్దాయన వచ్చి చూశాడు. నవ్వలేదు. నవ్వినా బాగుండేది. "ఎప్పుడైనా ఎడమచేతి మనిషి రాకపోడు" అంటూ నా లాక్ తీసుకుని, తన డబ్బాలోంచి కుడిచేతి లాక్ ఒకటి ఇచ్చాడు. అప్పుడర్థమైంది, ఈ సంతల్లో ఆ ఎడమచేతి లాక్ ఎన్నేళ్లుగా చేతులు మారుతోందో.

మిగిలిన కథ చలికాలం మొత్తం నడిచింది. నేను ఆకురాయి పట్టుకుంటే ఆయన టార్చిలైటు పట్టుకునేవాడు. ప్రమాదం ఉన్న పనులు తన దగ్గర పెట్టుకుని, రాపిడి పనులు నాకు వదిలాడు. బ్యారెల్ వెనక మూత బిగించడం, లోపలంతా పరీక్ష చేయడం ఆయన పని. చెక్కకి అవిసె నూనె రాయడం నా పని. నూనె ఒక పూత, రెండు రోజులు ఆరడం, మళ్లీ పూత. ఇల్లంతా ఆ వాసనే. ఒకరోజు మా ఆవిడ, "పోపులో ఈ నూనె కూడా వేసేస్తాను, ఒక పనైపోతుంది" అంది.

ఏప్రిల్ నెలాఖరులో తెనాలి నుంచి మా మామగారు దిగారు. ముప్పై ఏళ్లు లెక్కల మాస్టారుగా చేసిన మనిషి. బేస్‌మెంట్‌లో దీన్ని చూడగానే మెట్ల మీదే ఆగిపోయారు.

"అల్లుడుగారూ, ఇది నాటు తుపాకీ కదూ?"

"అవును మామయ్యా. పాతకాలపుది."

"లైసెన్సు?"

1968లో వచ్చిన ఇక్కడి కేంద్ర చట్టం లెక్కలో, మూతిలోంచి కూరే ఇలాంటి పాత నమూనా తుపాకీ అసలు తుపాకీయే కాదని, రాష్ట్రాల రూల్స్ వేరేగా ఉంటాయి గానీ మా దగ్గర ఇబ్బంది లేదని చెప్పాను. ఆయన నన్ను క్లాసులో తప్పు లెక్క చేసిన కుర్రాణ్ని చూసినట్టు చూశారు. మన దగ్గర 1959 ఆయుధాల చట్టం కింద ఇదే వస్తువు లైసెన్సు లేకుండా ఇంట్లో ఉంటే జైలే. "తుపాకీ కాని తుపాకీ" అని రెండుసార్లు గొణుక్కుని, ఆ రాత్రి మా ఆవిడని పక్కకి పిలిచి, అల్లుడి ఉద్యోగం ఉందా పోయిందా అని అడిగారట.

నాలుగు రోజుల్లో ఆయనే ముందు కూర్చున్నారు. గుండు బరువు 45 గ్రెయిన్లు అని పెద్దాయన చెబితే, "నలభై ఐదు గింజలా? ఏ గింజలు?" అని పట్టుకున్నారు. ఇంగ్లీషువాడి గ్రెయిన్ ఒకప్పుడు నిజంగా బార్లీ గింజ బరువే. పౌనుకి ఏడు వేల గ్రెయిన్లు. మామగారు కాగితం తీసి, మన కంసాలి గురిగింజ ఎత్తుకి సుమారు రెండు గ్రెయిన్లు వస్తాయని లెక్క కట్టి, గుండు ఇరవై నాలుగు గురిగింజలు తూగుతుందని తేల్చారు. మూడు గ్రాములైనా లేదు. "బంగారమైతే పావు కాసు కంటే ఎక్కువ" అని ఇటు మా ఆవిడకి చెప్పారు. ఆవిడ మొదటిసారి ఆ తుపాకీ మీద ఆసక్తి చూపించింది.

ఆ రోజుల్లోనే మామగారికి చిన్నప్పటి పిట్టలదొర గుర్తొచ్చాడు. ఖాకీ నిక్కరు, నెత్తిన టోపీ, భుజాన కర్ర తుపాకీ వేసుకుని ఇంటింటికీ వచ్చి కోతలు కోసే జానపద కళాకారుడు. తుపాకి రాముడని కూడా అంటారు. మామగారు మా బేస్‌మెంట్‌లో అటూ ఇటూ కవాతు చేస్తూ అతని వాగ్ధాటి చూపిస్తుంటే, భాష రాని పెద్దాయన కూడా పడీపడీ నవ్వాడు.

జూన్‌లో ఒక శనివారం, మా దగ్గర్లోని క్లబ్ రేంజ్‌లో, అంటే తుపాకులు కాల్చే మైదానంలో, ముహూర్తం. కారెక్కబోతూ మామగారు నాలుగిళ్లకి వినపడేలా అడిగారు.

"అల్లుడుగారూ, మందు పెట్టుకున్నారా?"

మా ఆవిడ వాకిట్లోంచి తలెత్తి చూసింది. తుపాకీ మందు అని సర్దిచెప్పడానికి ఐదు నిమిషాలు పట్టింది. వారం తర్వాత కూడా పూర్తిగా నమ్మలేదు.

రేంజ్‌లో మొదటి రెండు సార్లూ పెద్దాయన దగ్గరుండి చేయించాడు. తుపాకీ నిజంగా పేలింది. ఆకాశంలోకి తెల్లటి పొగ, కుళ్లిన కోడిగుడ్డు వాసన. దీపావళి మర్నాటి పొద్దు మా తెనాలి వీధిలో ఇదే వాసన అని మామగారు కళ్లు మూసుకుని పీల్చారు. గుండు ఎక్కడికి పోయిందో ఎవరికీ తెలియదు. గురి కాగితం మాత్రం క్షేమం.

మూడోసారి, "నువ్వే కూరు" అని పెద్దాయన కాఫీకి వెళ్లాడు. సరిగ్గా అప్పుడే మామగారు, ఈ గొట్టంలో మెలికల గాడులు ఎందుకు, గుండు గిరగిర తిరిగితే సూటిగా ఎలా పోతుంది, బొంగరం సూత్రమేనా అని మొదలెట్టారు. నేను బొంగరం గురించి చెబుతూ గుడ్డముక్క పెట్టాను. బొంగరం గురించి చెబుతూనే దానిమీద గుండు పెట్టాను. కడ్డీతో అడుగుదాకా తోశాను. గుర్రం దెబ్బకి నిప్పు రేపే చిన్న టోపీ తుపాకీకి తగిలించి, గురిచూసి, ఊపిరి బిగబట్టి ట్రిగ్గర్ నొక్కాను.

టప్.

రీలు తుపాకీలో బిళ్ల పేలినంత చప్పుడు. పొగ లేదు, వాసన లేదు. ఇంకో టోపీ. టప్. చుట్టుపక్కల అందరూ కాల్చడం ఆపి నావైపు చూశారు. ఆ చూపుల్లో జాలి లేదు, బంధుత్వం ఉంది.

పెద్దాయన కాఫీ కప్పుతో వచ్చి, ఒక్కటే అడిగాడు. "పౌడర్ పోశావా?"

మామగారు దాన్ని వెంటనే తెలుగులోకి దించారు. "అల్లుడుగారూ, మందు మర్చిపోయారు."

దీనికి వాళ్లలో పేరే ఉంది, డ్రై బాల్ అంటారు. మందు పోసిన గుండు ఎంత సులువుగా బయటికి పోతుందో, మందు లేని గుండు అంత మొండిగా కూర్చుంటుంది. కడ్డీ కొసకి మరమేకు లాంటిది బిగించి, లోపలున్న సీసంలోకి దించి, లాగాలి. బావిలో చేద పడితే పాతాళగరిగతో వెతికే పనే, కాకపోతే ఇక్కడ బావి ఎనిమిది మిల్లీమీటర్లు. తుపాకీని ఒక పక్క నేనూ మామగారూ పట్టుకున్నాం, కడ్డీని ఇంకో పక్క రేంజ్ ఆఫీసర్ పట్టుకున్నాడు. ఆయనది నా నడుమంత మెడ. "ఐలేసా" అన్నారు మామగారు. రెండోసారికి రేంజ్ ఆఫీసర్ కూడా అన్నాడు. మూడోసారికి వరసలో ఉన్న పదిమందీ అన్నారు. గుండు ఊడి వచ్చింది, మేమిద్దరం వెనక్కి గడ్డిలో పడ్డాం. ఆఫీసర్ కడ్డీ కొసన ఉన్న గుండుని, లాగిన పన్ను చూపించే డాక్టరులా చూపించాడు.

ఆ మధ్యలో బెజ్జం పడ్డ గుండుని మామగారు జేబులో వేసుకున్నారు. అక్టోబర్‌లో విమానం ఎక్కేముందు మా ఆవిడ పెట్టె వెతికి దాన్ని తీసేసింది. ఎయిర్‌పోర్టులో ఇదేమిటని అడిగితే ఆయన బొంగరం దగ్గర నుంచి మొదలెడతారని ఆవిడ భయం.

గుండు ఇక్కడే ఉండిపోయింది గానీ కథ తెనాలి చేరింది. నెల తర్వాత వీడియో కాల్‌లో వెనకాల వినబడింది. పార్కు స్నేహితులకి చెబుతున్నారు. ఉడత కాస్తా దుప్పి అయింది, యాభై గజాలు రెండు వందలయ్యాయి, గురి ఆయనదే. అల్లుడు మాత్రం ఆ సమయానికి మందు మర్చిపోయాడు.

అక్కడి నుంచి మాట బాపట్లలో ఉన్న మా అమ్మ దాకా ఎలా పోయిందో తెలియదు. ఆదివారం పొద్దున్నే ఫోన్.

"ఏరా, మందులు మర్చిపోతున్నావంట కదా. బీపీ ఎంతుంది?"